ఊపిరి గబగబా ఆడితే



మా హాస్టల్లో ఉబ్బసం ఉన్న తొమ్మిదో తరగతి పాప ఉండేది. మన ఏజెన్సీ చలి మీకు తెలుసు కదా, అలాంటి ఒక రాత్రి లేచి కూర్చుని గబగబా ఊపిరి తీస్తోంది. వేళ్లు తిమ్మిరి, మూతి చుట్టూ చిమచిమ. "మేడం, చచ్చిపోతానేమో" అంది. ఎవరో కాగితం సంచి మూతికి పెట్టబోతే లాగేశాను. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకి అది ప్రమాదం, ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.

భయంతో అవసరానికి మించి గాలి పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తిమ్మిరి, తల తిరగడం అందుకే. గాలి చాలట్లేదనిపించి మనిషి ఇంకా లాగుతాడు.

అది ఉబ్బసమో, భయమో అర్ధరాత్రి నేను తేల్చలేను. అందుకే ముందు డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ ఇచ్చాను. తర్వాత కాస్త ముందుకు వంగి కూర్చోమని, ముక్కుతో మెల్లగా తీసుకుని, వేడి చోడి జావ చల్లార్చుకున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి వదలమన్నాను. తీసుకున్నదానికి రెట్టింపు సేపు వదలాలి. పొయ్యి ఊదినట్టు గట్టిగా కాదు. నేనూ పక్కన కూర్చుని చేశాను. పావుగంటకి కుదుటపడింది. పొద్దున్నే పీహెచ్‌సీలో చూపించాం.

పెదాలు నీలంగా మారినా, ఒక్క మాట పూర్తిగా చెప్పలేకపోయినా, ఇన్‌హేలర్‌కి తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. మీ ఊళ్లో సిగ్నల్ ఏ గట్టు మీద దొరుకుతుందో ఇప్పుడే చూసిపెట్టుకోండి. దిష్టి తర్వాత తీసుకోవచ్చు.