ఆట వెనుక ఉన్న అక్షరాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కంప్యూటర్ ఆటలు ఆడే పిల్లలకు ఈ నాలుగు మాటలు.

‘క్రూసేడర్ కింగ్స్’ అని ఒక ఆట ఉంది. మధ్యయుగపు రాజ్యాలను ఏలే ఆట. దాని రెండో భాగంలోకి 2014లో భారతదేశం వచ్చింది. ఇందులో రాజుల వివరాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. మార్చుకోవచ్చు కూడా.

అంటే, జగిత్యాల పక్కనున్న పొలాసను ఏలిన మేడరాజునూ ఆటలోకి తేవచ్చన్నమాట. కాకతీయ రుద్రదేవుడి హనుమకొండ శాసనంలో కనిపించే మేడరాజే!

కానీ రాసే పద్ధతి తెలియాలి. ముందు పేరు, తర్వాత సమానం గుర్తు, ఆపైన విలువ. ఒకరి వివరాలన్నీ ఫ్లవర్ బ్రాకెట్ల మధ్యన. తేదీలో సంవత్సరం ముందు, రోజు చివర. మనం రాసే వరుసకు తలకిందులు. ఒక్క బ్రాకెట్ మూయడం మరిచినా ఆ ఫైలును ఆట తప్పుగా చదువుకుంటుంది.

ఇంకో సంగతి. తెరమీది మాటల ఫైళ్లు ఒక్కో భాగంలో ఒక్కో తీరు. రెండో భాగంలో అక్షరాలను ఫైల్లో భద్రపరిచే పద్ధతిలో, అంటే ఎన్‌కోడింగ్‌లో తెలుగు లిపికి చోటే లేదు. మూడో భాగం యూనికోడ్ వాడుతుంది. అక్కడ తెలుగు రాయొచ్చు. అయితే ఆట ఫాంట్‌లోనూ తెలుగు ఉండాలి.

ఇలాంటి వివరాలు ఒకరు రాసిపెడితేనే మరొకరికి దారి దొరుకుతుంది. అందుకే మూడు సంగతులు రాసిపెట్టండి. ఫైలు ఏ భాగానిది? ఎన్‌కోడింగ్ ఏది? నమూనా ఎలా ఉంటుంది? మళ్లీ చెబుతున్నా: భాగం, ఎన్‌కోడింగ్, నమూనా. మార్చే ముందు అసలు ఫైలుకు నకలు తప్పక తీసుకోండి.