చెరువు అంచున తుంగ



తుంగ అనగానే మీకేం గుర్తొస్తుంది? వరిచేలో కలుపు. నడుము విరిగేలా వంగి పీకిన కలుపు. చేలో అది శత్రువే. కానీ చెరువు అంచున, కాలువ గట్టున పెరిగే పొడుగు తుంగ సంగతి వేరు.

ముందు దాన్ని గుర్తుపట్టాలి. నీటి అంచున పెరిగేవన్నీ దూరానికి ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లండి. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పండి.

మూడు పలకలు తగిలాయా? కణుపులు లేవా? లోపల బెండు ఉందా? అది తుంగ.

కణుపులుండి, వెదురులా లోపల బోలుగా ఉందా? అది కిక్కిస.

ఆకులు పొడుగ్గా బద్దల్లా ఉండి, కాడ చివర గోధుమరంగు కండె ఉందా? అది జమ్ము.

ఈ మూడూ ఈ నేలవే. గుర్రపుడెక్క మాత్రం దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఉబ్బిన కాడలతో తేలుతుంది. నీటిని కప్పేస్తుంది. కింద చేపలకు గాలి అందదు. దాన్ని తీసేయాల్సిందే.

మరి తుంగ ఏం చేస్తుంది? దాని వేర్లు గట్టు మట్టిని పట్టి ఉంచుతాయి. చేల నుంచి వచ్చే ఎరువుల నీటిలోని సారాన్ని పీలుస్తాయి. కాడల మధ్య చేపపిల్లలు దాక్కుంటాయి. కొర్రమేను ఇలాంటి మొక్కల నడుమే గుడ్లు పెట్టి, పిల్లలకు కాపలా కాస్తుంది. నీటికోళ్లు గూళ్లు కడతాయి. కోసి, చీల్చి, ఎండబెడితే చాపలు అల్లుకోవచ్చు.

ఏలూరు దగ్గరి కొల్లేరు సంగతి చూడండి. గోదావరి, కృష్ణ డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు అది. అక్కడి నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. చేపల చెరువుల కోసం లోపల గట్లు వేశారు. ఆ మేరకు కిక్కిస, తుంగ, జమ్ము పోయాయి. పక్షులకు చోటు తగ్గింది. 1999లో ప్రభుత్వం కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చాలా గట్లు కొట్టేశారు. పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో చూశారా?

తుంగ ఎక్కువైనా చిక్కే. మురుగు కాలువ పూడుకుపోతుంది. వానాకాలంలో చేలు మునుగుతాయి. అందుకని నీరు పారే దారి శుభ్రం చేయాలి. ఒడ్డు వెంట మాత్రం ఒక వరుస ఉంచాలి. వేరుతో పీకకుండా కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

ఈసారి ఊరి చెరువు బాగుచేసేటప్పుడు మీరూ వెళ్లండి. "ఏది తీస్తున్నారు? ఏది ఉంచుతున్నారు?" అని అడగండి. కాడను వేళ్లతో తిప్పి చూపించండి. కలుపు తీసిన చేతులకు తుంగను గుర్తుపట్టడం ఒకరు నేర్పాలా?