తునికాకు దాచుకున్న ఎండ

పెనుబల్లి నుంచి భద్రాచలం దాకా ఉన్న అడవుల్లో తునికాకు పని తెలియని ఇల్లు అరుదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలను మొదలంటా కొట్టేస్తారు. వాన ఊసుండదు, ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అయినా నెలా పదిహేను రోజుల్లో లేత ఆకు దట్టంగా వస్తుంది. దాన్ని కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లానికి చేరుస్తారు.

ఒక్క ఆకూ మిగలని మొక్కకు కొత్త ఆకు వేసే శక్తి ఎక్కడిది? నిరుడు పాత ఆకులు పట్టిన ఎండే పిండిపదార్థంగా వేళ్లలో దాగి ఉంది. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనిలో తవ్వుతున్న బొగ్గూ అలా నిల్వపడ్డ ఎండే, కాకపోతే పాతిక కోట్ల ఏళ్ల కిందటి గ్లోసోప్టెరిస్ చెట్లు పట్టినది.

ఎండ ఇలా నిల్వపడడం ఆకులోనే మొదలవుతుంది. అక్కడ పత్రహరితం వెలుతురును పీల్చుకున్నాక నీటి అణువు చీలుతుంది, ఆక్సిజన్ బయటికి పోతుంది, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తయారవుతుంది. ఈ ఏటీపీతో తెలుగువారికి చుట్టరికం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1929లో దాన్ని కండరాల్లో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా గుర్తించారు. వెలుతురు పడితే పత్రహరితం ఉండే క్లోరోప్లాస్టులే ఏటీపీ తయారుచేస్తాయని డేనియల్ ఆర్నన్ బృందం 1954లో చూపింది. అప్పటికి సుబ్బారావు కన్నుమూసి ఆరేళ్లు. ఆయన పేరు మందుల కథల్లో వినిపించినంతగా వృక్షశాస్త్రం పాఠాల్లో వినిపించదు. విడ్డూరమే!

ఏటీపీ చేతిఖర్చు డబ్బులాంటిది, నిల్వ ఉండదు. దాన్ని వెంటనే ఖర్చుపెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చుకోవాలి. అందుకు తొలి అడుగు వేయించే ఎంజైము రూబిస్కో. అది మహా మందకొడి: సెకనుకు పట్టేది కొద్దిపాటి అణువుల్నే. పైగా కార్బన్ డయాక్సైడ్‌కు బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు చేసిన పనిలో కొంత వృథా. ఎండ ముదిరేకొద్దీ ఈ తడబాటు పెరుగుతుంది.

వరి నష్టపోయేది ఇక్కడే. పక్క చేలో మొక్కజొన్న అంతగా నష్టపోదు. దాని ఆకులో ఈనెల చుట్టూ గట్టి గోడల కణాలుంటాయి. కార్బన్ డయాక్సైడ్‌ను అక్కడికి తోడి పోస్తుంది, రూబిస్కో ఆ కణాల్లోనే పనిచేస్తుంది.

ఈ పద్ధతిని వరికి తేవాలని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం 2008 నుంచి పనిచేస్తోంది. అలాంటి వంగడం ఇంకా రైతు చేతికి రాలేదు. మొక్కజొన్న జన్యువులను వరిలో పెట్టడం ఒక ఎత్తు. వరి ఆకులో ఈనెలను దగ్గరగా పెంచి, వాటి చుట్టూ ఆ కణాలను పనిచేయించడం మరో ఎత్తు. ఆ రెండోదే ఇంకా తెమలలేదు.