డాబా తాళంచెవి

(అశోక్‌నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



ఎముకల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను డాక్టర్ని కాను, రిటైరయిన లెక్కల టీచర్ని. నారాయణగూడలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, చిక్కడపల్లిలో మా సొంత గుమ్మం ముందు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. అదే నా అర్హత.

కట్టు కట్టిన డాక్టరు రక్తపరీక్ష రాశారు. విటమిన్ డి 9 వచ్చింది. 20కి తక్కువైతే లోపం అంటారట. "ఎండలోకి వెళ్ళరామ్మా?" అన్నారు. రోజూ పొద్దున్న ఆరింటికి ఇందిరా పార్కులో నడుస్తానని గొప్పగా చెప్పాను. ఆయన నవ్వారు.

ఎందుకు నవ్వారో తర్వాత తెలిసింది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకం చర్మాన్ని తాకితేనే ఈ విటమిన్ తయారవుతుంది. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు దాదాపుగా నేలదాకా రావు. కిటికీ అద్దం కూడా వాటిని ఆపేస్తుంది. లెక్కల టీచర్ని కాబట్టి నాకు నచ్చిన గుర్తు ఒకటి చెప్తాను: మన నీడ మనకంటే పొట్టిగా ఉందా, పని జరుగుతుంది. పొడుగ్గా ఉందా, అది ఉత్త నడకే. తిరుపతిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులు గంటగంటకూ కొలిచి 2013లో ప్రచురించారు. పదకొండు నుంచి రెండు మధ్య ఎండే అన్నిటికన్నా మేలట. మే నెలలో అయితే పదింటికే నీడ పొట్టిదవుతుంది, మిట్టమధ్యాహ్నం మాడక్కర్లేదు. మన చాయకి తెల్లవాళ్ళకంటే ఎక్కువసేపు పడుతుంది.

ఆ తిరుపతి నుంచే 2005లో మరో అధ్యయనం వచ్చింది. ముట్లుడిగిన 164 మంది ఆడవాళ్ళని పరీక్షిస్తే సరిపడా విటమిన్ డి ఉన్నది నూటికి 18 మందికే. ఏడుకొండల కింద, అంత ఎండలో! పల్లెల్లో పొలం పనిచేసేవాళ్ళకి పట్నంవాళ్ళకంటే డి మెరుగ్గానే ఉంటుంది గానీ తినే తిండిలో కాల్షియం చాలదు. కాబట్టి ఎండ ఒక్కటే మందని నేననను.

ఇప్పుడు మీ సంగతి. పదకొండు నుంచి రెండు దాకా మీరెక్కడుంటారు? కోచింగ్ హాల్లో ట్యూబ్‌లైట్ల కింద. లేదా సెంట్రల్ లైబ్రరీలో. అక్కడ చెట్ల కింద, మెట్ల మీద పుస్తకం పట్టుకు కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళే, గమనించారా? మీరు బయటికొస్తే కళ్ళు తప్ప అంతా స్కార్ఫ్, మోచేతులదాకా గ్లవుజులు. దుమ్ము ఒక కారణం. రెండోది మనింట్లోనే విన్నాం: "ఎండలో తిరక్కే, నల్లబడితే సంబంధాలు రావు." మా అమ్మ అంది. సిగ్గుతో చెప్తున్నా, నేనూ నా కూతురితో అన్నాను.

ఇందాక పైకి వెళ్ళి చూశాను. డాబాకి తాళం ఉంది. ఎదురు మేడ మీద కుర్రాళ్ళు చూస్తారని వార్డెన్‌గారు చెప్పారు. చూసేవాళ్ళు వాళ్ళు, తాళం మీకు!

ఇది కొత్తదేం కాదు. శ్రీనగర్‌లో ఆడవాళ్ళ ఆస్పత్రి నడిపిన డాక్టర్ కాథ్లీన్ వాన్ 1928లో ఒక పుస్తకం రాశారు. వెలుతురు లేని లోపలిగదుల్లో పెరిగిన స్త్రీల కటి ఎముకలు మెత్తబడి, వంకరపోయి, కాన్పులు ప్రాణాంతకం అవుతున్నాయని అందులో చూపించారు. వేసుకున్న బట్ట మీద నాకు కోపం లేదు. నలుగురూ చూడని చోట, నెత్తిమీద ఆకాశం ఉన్న ఒక జాగా ఉంటే బురఖా వేసుకునే అమ్మాయీ హాయిగా ముంజేతులకి ఎండ తగలనివ్వగలదు.

మాత్రల సంగతి జాగ్రత్తగా వినండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన రోజువారీ మోతాదు 600 యూనిట్లు. లోపం ఉన్నవాళ్ళకి డాక్టర్లు రాసేది 60,000 యూనిట్ల పొడి, సాధారణంగా వారానికొకటి, కొన్ని వారాలు. మా పక్కింటావిడ దాన్ని రోజుకొకటి చొప్పున వేసుకుంది. ఇది కొవ్వులో నిలవుండే విటమిన్, ఎక్కువైతే మూత్రంలో పోదు. రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులై, మూత్రపిండాల దాకా వచ్చింది. కాబట్టి పరీక్ష లేకుండా, ఒకరి చీటీ మీద ఇంకొకరు కొనుక్కోవద్దు. భోజనం చేశాక వేసుకుంటే ఒంటికి పడుతుంది. (చాలా డి3 మాత్రల్ని గొర్రె ఉన్ని జిడ్డులోంచి తీస్తారు. శాకాహారులు కావాలంటే అడిగి వేరేది తీసుకోవచ్చు.)

ఇంకోటి. గర్భిణులకి నాలుగో నెల నుంచి కాన్పయిన ఆరు నెలల దాకా, రోజుకి రెండు కాల్షియం మాత్రలు ఇవ్వాలని 2014 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. ఒక్కోదాంట్లో 250 యూనిట్ల డి కూడా ఉంటుంది. మీ అక్కలకి, మీ గదులు ఊడ్చే ఆవిడకి చెప్పండి. ప్రభుత్వ దవాఖానాలో అడిగి తీసుకోమనండి, అది ఎవరి దయా కాదు.

నేనొక కాగితం రాసి తెచ్చాను. రోజూ పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా డాబా తియ్యాలని. చదివి, ఇష్టమైతే సంతకాలు పెట్టండి. ఎదురు మేడ వైపు అడ్డం కట్టడానికి రెండు పాత చీరలు కావాలి. ఒకటి నా సంచిలోనే ఉంది.