అమ్మ నోట్స్ పోగొట్టిన ఒక్క మాట

ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ని తెలుగులోకి ఎలా తేవాలో, తెచ్చాక టెస్ట్ చేయకపోతే ఏమవుతుందో ఈరోజు చూద్దాం. ఆ రెండోది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది.

నోట్స్ రాసుకునే చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి తెలుగు చేశాను. అందులో 'క్లియర్' అని ఒక బటన్. ముందూ వెనకా చూడకుండా 'స్పష్టం' అని రాసేశా. మా అమ్మ అది చూసి, అక్షరాలు ఇంకా బాగా కనిపిస్తాయేమో అనుకుని నొక్కింది. చీటీల లెక్కలు, పచ్చళ్ల కొలతలు, అన్నీ పోయాయి. "నువ్వు రాసిందే కదరా, చదివే నొక్కాను" అంది. ఏం చెప్తాను?

సరే, పనిలోకి వద్దాం. ఎక్స్‌టెన్షన్ కోడ్‌లో 'అండర్‌స్కోర్ లొకేల్స్' అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఇంగ్లిష్‌కి 'ఈఎన్' ఫోల్డర్. దాన్ని కాపీ చేసి 'టీఈ' అని పేరు పెట్టండి, అది తెలుగు కోడ్. లోపల 'మెసేజెస్ డాట్ జేసన్' ఫైల్ ఉంటుంది. ప్రతి మాటకీ ఒక కీ, ఒక మెసేజ్, చాలాసార్లు ఒక డిస్క్రిప్షన్ ఉంటాయి. మెసేజ్ మాత్రమే మార్చాలి. కీ మారిస్తే కోడ్‌కి ఆ మాట దొరకదు. కామా ఒక్కటి తప్పినా ఫైల్ చెడిపోతుంది.

డిస్క్రిప్షన్ మాత్రం తప్పకుండా చదవండి. 'నోట్స్ అన్నీ తీసేసే బటన్' అని అక్కడ రాసే ఉంది. నేనే చదవలేదు!

ఇంకోటి. డాలర్ గుర్తుల మధ్య ఉన్న పేరుని అనువదించకండి. దాని చోటు మాత్రం మార్చొచ్చు. ఇంగ్లిష్‌లో 'సేవ్డ్ 3 నోట్స్' అంటే, మనకి '3 నోట్స్ సేవ్ అయ్యాయి' అని క్రియ చివరికి రావాలి. మరి అంకె 1 అయితే? 'అయ్యాయి' తప్పవుతుంది. ఏకవచనం, బహువచనం ఈ పద్ధతిలో వాటంతటవే మారవు. అందుకే 'సేవ్ అయిన నోట్స్: 1' అని రాస్తే గొడవే లేదు.

ఇక టెస్టింగ్. లాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ భాషని తెలుగుకి మార్చండి. 'అబౌట్ కోలన్ డీబగ్గింగ్' పేజీకి వెళ్లి, మానిఫెస్ట్ ఫైల్‌ని తాత్కాలికంగా లోడ్ చేయండి. ఫైర్‌ఫాక్స్ మూసేస్తే అది పోతుంది, భయం లేదు. ఎక్కడైనా ఇంగ్లిష్ కనిపిస్తోందా? ఆ కీ మీ తెలుగు ఫైల్‌లో లేదేమో చూడండి, లేనివాటికి డిఫాల్ట్ భాష వస్తుంది. బటన్లలో ఒత్తులు కింద తెగిపోతున్నాయేమో కూడా చూడండి. 'స్క్రీన్' అన్న మాటతో టెస్ట్ చేస్తే వెంటనే తెలిసిపోతుంది.

చివరిగా, ప్రతి బటన్నీ నొక్కి చూడండి. తర్వాత ఇంగ్లిష్ రానివాళ్లకి లాప్‌టాప్ ఇచ్చి, "ఇది నొక్కితే ఏమవుతుంది?" అని అడగండి. నొక్కకముందే అడగాలి సుమా!

ఇప్పుడు ఆ బటన్ మీద 'నోట్స్ అన్నీ తీసెయ్' అని ఉంది. అమ్మ చూసి, "ఇది ముందే రాయొచ్చుగా" అంది. పచ్చళ్ల కొలతలు మళ్లీ చెప్తోంది, నేను టైప్ చేస్తున్నా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!