విడిచిన ఊరు, వెంట వచ్చిన పేరు

జనగామ జిల్లాలో పాలకుర్తి, బమ్మెర దగ్గరదగ్గర ఊళ్లు. ఒకటి సోమనాథుడి ఇంటిపేరుగా, మరొకటి పోతన ఇంటిపేరుగా తెలుగు నేలంతా తిరిగాయి. ఆ ఇద్దరూ ఇక్కడివాళ్లే అనడానికి మనం మొదట చూపేది ఆ ఇంటిపేర్లనే. ఆ కవుల మీద నాకెంత భక్తి ఉన్నా, ఈ సాక్ష్యాన్ని మనం సరిగా చదవలేదనే అంటాను. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే ఆ ఇంటివాళ్లు ఒకసారైనా ఆ ఊరి పొలిమేర దాటి ఉండాలి. బమ్మెరలో బతికే మనిషిని బమ్మెర పోతన్న అని పిలవాల్సిన పని ఎవరికీ ఉండదు. ఆ పేరు అతుక్కునేది పొరుగూళ్లో. ఇప్పటికీ మన పల్లెల్లో కోడలిని పుట్టింటి ఊరితో ‘పాలకుర్తామె’ అంటారు. పాలకుర్తిలో మాత్రం ఆ పిలుపు వినబడదు. ఇల్లరికం వచ్చిన అల్లుడికైనా, కరువుకు తరలివచ్చిన కుటుంబానికైనా ఇదే వరస. వాడగా వాడగా ఆ పిలుపు పహాణీలోకి ఎక్కి స్థిరపడిపోతుంది.

ఈ దృష్టితో చూస్తే పోతన గురించిన పాత తగవు మరోలా కనిపిస్తుంది. కందుకూరి వీరేశలింగం ఆయన్ను ఒంటిమిట్టవాడన్నారు. మనవాళ్లు పోతన చెప్పిన ఏకశిలానగరం అంటే ఓరుగల్లే అన్నారు. బమ్మెర అనే ఇంటిపేరు ఆ వంశపు మూలాన్ని చెబుతుంది, కవి ఏ ఇంట్లో కళ్లు తెరిచాడో చెప్పదు. పోతన ఈ నేల మనిషి అని నేనూ నమ్ముతాను. అయితే అందుకు రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుడితో ముడిపడిన, పోతనదిగా చెప్పే భోగినీదండకం వంటి ఆధారాలను కూడా తోడు తెచ్చుకోవాలి. ఇంటిపేరు ఒక్కటే ఆ బరువు మోయలేదు.

ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే ఏం చేస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాలకుర్తి పెద్దపల్లి జిల్లాలోనూ ఉంది. సోమనాథుడిది కన్నడదేశపు హాల్కురికె అని వాదించినవాళ్లూ ఉన్నారు. పోతన భాగవతంలో కొంత భాగం పూరించిన వెలిగందల నారయ ఇంటిపేరు చూడండి. కరీంనగర్ దగ్గరి ఎలగందులా గుర్తొస్తుంది, ప్రకాశం జిల్లా వెలిగండ్లా గుర్తొస్తుంది. కాబట్టి ఇంటిపేరును ఎప్పుడూ ఒంటరిగా నిలబెట్టకూడదు. గోత్రం, ఇలవేల్పు, వియ్యాలందుకున్న ఊళ్లు పక్కన చేరితేనే దానికి బలం. పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడున్నాడు, కవి పేరు సోమనాథుడు. ఊరి పేరు, దేవుడి పేరు ఒకే మనిషిలో కలిసినప్పుడు జనగామ వైపే మొగ్గు అని నా నిర్ణయం.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. సొంత ఊళ్లోనే ఉండి, దాన్ని ఏలుతూ దాని పేరు పెట్టుకున్న దొరల మాటేమిటి? స్కాట్లండ్ సరిహద్దులోని బెరిక్‌షైర్‌లో హ్యూమ్ వంశం అలాంటిదే. ఆ గ్రామం, దాని కోట చేతిలో ఉండటం వల్ల వచ్చిన పేరది. అధికారం కూడా ఇంటిపేరు పుట్టిస్తుందని ఒప్పుకుంటాను. అయితే ఆ అధికారం ఊరు మారినప్పుడు పేరు ఏమవుతుందో చూడాలి. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. రేచర్ల పేరే చెప్పుకున్న పద్మనాయకులు తర్వాత రాచకొండ, దేవరకొండలు ఏలారు. వాళ్ల సంతతిగా చెప్పుకునే వెంకటగిరి రాజులకు రేచర్ల గోత్రంగా మిగిలింది, వెలుగోటి ఇంటిపేరయింది. రుద్రుడి వంశమైన రేచర్ల రెడ్లూ ఈ పద్మనాయకులూ ఒకే రక్తమా అన్నది వేరే చర్చ, పేరు కలిసినంత మాత్రాన అది తేలదు. వలస మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది: దొరల ఇళ్లలోనూ పాత పేరు లోపలికి జరిగి, కొత్త పేరు వాకిట్లోకి వచ్చింది.

మహబూబాబాద్ తండాలకు వస్తే నా సూత్రాన్ని కొంచెం సవరించుకోవాలి. భూక్య, బానోతు, గుగులోతు ఊళ్ల పేర్లు కావు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కనుకు దిగిన లంబాడీలకు వెనక్కి తిరిగి చూసుకునే ఒక్క ఊరంటూ లేదు. వాళ్లు వంశాన్నే పేరుగా మోసుకొచ్చారు. ఇక్కడ భూక్య అని రాసుకునే గోత్రంవాళ్లు మహారాష్ట్రలో రాథోడ్ అని రాసుకుంటారు. ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోరు గనుక ఆ పేరు గుర్తుంచుకోవడం ప్రతి ఇంటికీ అవసరం. రాత లేకపోయినా అది చెదరకుండా నిలిచింది అందుకే.

నోటిమాటను నమ్మేదెలా అంటారు కొందరు. రెడ్ల గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవారు, ముదిరాజుల కథ చెప్పే కాకిపడిగెలవారు, మాదిగల జాంబపురాణం చెప్పే డక్కలివారు, లంబాడీల వంశాలు పాడే ఢాడీలు తమ దాతల ఇళ్లముందే ఆ వరస వినిపించాలి. తప్పు చెబితే ఇంటి పెద్దలే అక్కడికక్కడ దిద్దుతారు. పొగడ్త పెరగవచ్చు, పూర్వీకుణ్ణి రాజును చేయవచ్చు. కానీ ఏ ఇంటివాళ్లతో వియ్యం కుదరదో ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. ఆ కళాకారుల్లో పెద్దవయసువాళ్లు ఉండగానే ఈ ప్రాంతపు కళాశాలల విద్యార్థులు ఊరూరా తిరిగి ప్రతి ఇంటిపేరునూ గోత్రం, ఇలవేల్పు, విడిచిన ఊరితో సహా రాసి పెట్టాలని కోరుతున్నాను. ఆ పని పాలకుర్తి, బమ్మెరలతోనే మొదలుకావాలి.