గిల్టు నగల గురించి నాలుగు మాటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవంలో గిల్టు నగల గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శిగారు "ఇంకేం దొరకలేదా?" అన్నారు. ఏం చెయ్యను, ముప్పై ఏళ్లుగా లోహపు పూతల పనిలో ఉన్నవాణ్ణి. ఆ పనిలో తొలిపాఠం నేర్చిందీ మన సైన్సు ల్యాబులోనే. మైలతుత్తం నీళ్లలో ముంచిన ఇనుపమేకు రాగిరంగు తేలి బయటికొస్తే నోరు తెరుచుకుని చూశాం, గుర్తుందా?

పాశ్చాత్యులు వీటిని కాస్ట్యూమ్ జ్యువెలరీ అంటారు. 18వ శతాబ్దంలో పారిస్‌లో స్ట్రాస్ అనే నగల వర్తకుడు సీసం కలిపిన గాజును వజ్రంలా మెరిపించాడు. 1892లో డానియెల్ స్వరోవ్‌స్కీ గాజురాళ్లకు పలకలు కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు.

నాకిష్టమైన కథ మాత్రం న్యూయార్క్‌లోని ట్రిఫారీ కంపెనీది. 1930లో అందులో చేరిన ఆల్ఫ్రెడ్ ఫిలిప్ అంతకుముందు కార్టియె వంటి సంస్థల అసలు వజ్రాల నగలకు డిజైన్లు గీసినవాడు. అదే చెయ్యి గాజురాళ్ల మీద పడింది. రెండో ప్రపంచయుద్ధంలో మామూలు లోహాలు ఆయుధాలకు పోయేసరికి, ఇలాంటి కంపెనీలు గత్యంతరం లేక వెండి వాడి, దానిమీద బంగారుపూత వేశాయి. యుద్ధం పుణ్యమా అని నకిలీ నగ లోపల అసలు వెండి చేరింది! 1953లో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడైన సంబరాల్లో ఆయన భార్య మేమీ ధరించినవి ట్రిఫారీవారి కృత్రిమ ముత్యాలే.

అలాంటి పాత నగలను ఇవాళ వెతికి వెతికి కొంటున్నారు. కొనేవాళ్లు ముందు నగను తిరగేసి వెనకవైపు చూస్తారు. కంపెనీ ముద్ర ఉందా, రాయిని జిగురుతో అంటించారా, కొక్కేలతో పట్టించారా, పూత మూలల్లో కూడా సమంగా ఉందా అని. మా ఇంజనీర్ల చూపూ అంతే. గాజురాళ్ల వెనక తళుకుపూత ఉంటుంది. నీళ్లు తగిలితే అది నల్లబడుతుంది, ఇక రాయి వెలగదు. అందుకని కడగకూడదు, మెత్తటి పొడిగుడ్డతో తుడవాలి.

న్యూజెర్సీలో ఒక పాతసామాన్ల సంతలో ఓ ముసలావిడ బ్రోచ్‌ను అలాగే తుడిచి, దూదిలో చుట్టి నా చేతికిచ్చింది. అమ్మ గుర్తొచ్చింది.

అక్క పెళ్లికి అమ్మ బంగారు గాజులు పోయాయి. బందరు దగ్గర చిలకలపూడి గిల్టు నగలకు పేరుకదా, అక్కడి గాజులు తెప్పించుకుంది. స్నానానికి ముందు తీసేది, తుడిచి దూదిలో పెట్టేది. నా పదోతరగతి ఏడు స్కూలు వార్షికోత్సవానికి అవి వేసుకొచ్చింది. పక్కన కూర్చున్నావిడ గాజు తిప్పి చూసి "గిల్టువా వదినగారూ?" అంది, అందరికీ వినబడేలా. అమ్మ నవ్వి, "అవునండీ, చిలకలపూడివి. పనితనం బాగుంది కదూ?" అంది. నేను మాత్రం ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ అమ్మ పక్కన నడవలేదు. పదడుగులు ముందు నడిచాను.

ఆ సంగతి అమ్మతో ఎప్పుడూ ఎత్తలేదు. తనూ అడగలేదు.

అమ్మ పోయాక ఆ గాజులు నా దగ్గరికొచ్చాయి. మణికట్టుకు రాసుకున్నచోట పూత పోయి రాగి కనిపిస్తోంది. మళ్లీ పూత వేయించడం మా ఫ్యాక్టరీలో ఎంతసేపటి పని? ఒకసారి తీసుకెళ్లాను కూడా. సాయంత్రం వాటిని అలాగే ఇంటికి తెచ్చి, అమ్మ పెట్టిన దూదిలోనే పెట్టేశాను.